మొదటి బోల్ట్ యాక్షన్ గురి రైఫిల్: భీమవరం పక్కన ఉండేవాడికి ఏది తగినది?

ఉండి కాలువగట్టు:

నమస్కారమండి. భీమవరానికి దగ్గరలోని ఒక ఊళ్లో రొయ్యల సాగు చేసుకుంటున్నాను. వయసు 36. పోయిన ఏడాది టెక్సాస్‌లో ఉంటున్న మా అక్కగారింటికి వెళ్లినప్పుడు బావగారు నన్ను షూటింగ్ రేంజికి తీసుకువెళ్లి, 6.5 క్రీడ్‌మూర్ తూటా వాడే టిక్కా కంపెనీ బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి తోయాలి) బల్ల మీద బైపాడ్‌తో, అంటే రెండు కాళ్ల ఊతతో, నిలబెట్టి నా చేతికిచ్చారు. 100 గజాల దగ్గర నేను కాల్చిన ఐదు తూటాల రంధ్రాలు ఇంచుమించు ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. 300 గజాల బోర్డుకు మారేసరికి అదే రైఫిల్, అదే పెట్టెలోని తూటాలు, అవే చేతులు అయినా గుంపు అరచేయంత విచ్చుకుంది. బావగారు నవ్వి ఊరుకున్నారు గాని, విమానం దిగేవరకు నాకు అదే ఆలోచన.

తిరిగి వచ్చాక హైదరాబాదులోని ఒక రైఫిల్ క్లబ్బులో చేరాను. నెలకు రెండుసార్లు రాత్రి రైలెక్కి, తెల్లవారేసరికి లింగంపల్లిలో దిగి, ఆ పూటంతా క్లబ్బువారి .22 రైఫిల్‌తో (బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళంలో 0.22) 50 మీటర్ల దూరంలో పడుకుని కాల్చి, మళ్లీ రాత్రి రైలుకే తిరిగి వస్తున్నాను. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ ధ్రువపత్రం జతచేశాను. పోలీసు విచారణ కూడా ముగిసింది. 2019 చట్ట సవరణ తరువాత మామూలు లైసెన్సుదారుకు రెండు ఆయుధాలకు మించి అనుమతి లేదు కనుక, మొదటిదాని ఎంపికలోనే పొరపాటు పడితే దిద్దుకోవడం కష్టమని నా భయం.

ప్రస్తుతం నా ముందు మూడు దారులున్నాయి. మా నాన్నగారి స్నేహితులొకరు తమ ఈషాపూర్ .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను చవకగా ఇస్తామంటున్నారు. క్లబ్బులో పరిచయమైన ఒకాయన దగ్గర స్కోపు (పెంచి చూపే గురి అద్దం) బిగించిన సీజెడ్ 452, .22 రైఫిల్ ఉంది. మరొకరి దగ్గర నాకంటె వయసులో పెద్దదైన ఆన్‌షుట్జ్ ఉంది. 54 వరస యాక్షన్ (బోల్టు కదిలే యంత్రభాగం), చెక్క స్టాకు, స్కోపు లేదు, పీప్ సైట్లు (చిన్న రంధ్రంలోంచి గురి చూసేవి) మాత్రం ఉన్నాయి. ధరలో అదే అన్నిటికన్నా ఎక్కువ. మొత్తం నేను పెట్టగలిగినది నాలుగు లక్షల రూపాయలు. బావగారేమో మంచి స్కోపు లేని రైఫిల్ కొనడం దండగ అంటున్నారు.

వీటిలో ఏది తీసుకోవాలి, డబ్బును రైఫిల్‌కు, స్కోపుకు, తూటాలకు ఎలా పంచుకోవాలి, మన వైపు తేమలో ఇనుమును కాపాడుకోవడం ఎలా, చివరగా, మా సొంత చెరువు గట్ల మీద చుట్టూ నలభై ఎకరాలలో మనిషి సంచారం లేనప్పుడు సాధన చేసుకోవచ్చా అన్నవి నా సందేహాలు. పెద్దలు వివరంగా చెప్పగలరు.


గౌతమి పాయ:

కాకినాడలో ఉంటానండి. చిన్న బోరు రైఫిల్‌తో పోటీలలో కాల్చడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తప్పితే మిగతా ప్రశ్నలతో పనే లేదు.

చెరువు గట్టు మీద కాల్చకూడదు. లైసెన్సు గురి సాధనకు ఇస్తే ఆ సాధన అనుమతి పొందిన రేంజిలోనే జరగాలి. పొలం మనదైనంత మాత్రాన అది రేంజి కాదు. చట్టం సంగతి అలా ఉంచి నేల సంగతి చూడండి. మన డెల్టా చాప పరిచినట్టు ఉంటుంది. తూటాను ఆపడానికి పాపికొండలు ఇక్కడికి రావు. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) చిన్న .22 తూటా సైతం ఎత్తుగా వదిలితే కిలోమీటరు పైచిలుకు పోతుంది. పైగా సీసపు తూటా నీటిని పల్చటి కోణంలో తాకితే మునగదు. చిన్నప్పుడు కాలువలో మనం పెంకులు విసిరి గెంతించినట్టే నీటి మీద నుంచి లేచి, ఎటు పోతుందో తెలియకుండా పోతుంది. నలభై ఎకరాల నీళ్ల అవతల కొబ్బరి తోట ఉంటుంది, తోటలో మనిషి ఉంటాడు. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

ఇక .315. దాని మీద నాకు గౌరవం ఉంది, కాని గురి సాధనకు అది మీకు పనికిరాదు. దాని యాక్షన్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ బాణీది. తూటా 8×50 కొలత గల పాతకాలపు రిమ్ముగల తూటాకు చుట్టం. దేశంలో దానికి దొరికేది 244 గ్రెయిన్ల మెత్తని మొన గల తూటా. అది పెద్ద జంతువు మీదకు, పంట కాపలాకు ఉద్దేశించినది గాని కాగితం మీద రంధ్రం పక్కన రంధ్రం వేయడానికి తయారైనది కాదు. పోటీ స్థాయి తూటా దానికి లేదు. తూటాయే నిలకడగా లేనప్పుడు తప్పు మీ శ్వాసదా, ట్రిగ్గర్ మీద వేలిదా, ఇనుముదా అన్నది ఎన్నటికీ తేలదు. తుపాకీ చవక, నేర్చుకోవడం ఖరీదు. పైగా దాని తన్నుడుకు భుజం ముందుగానే బిగుసుకుపోయే అలవాటు మొదటి నెలలోనే పట్టుకుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది.

కాబట్టి పోటీ సీజెడ్‌కూ ఆన్‌షుట్జ్‌కూ మధ్యనే. ఇక్కడ మీరు మీకు మీరు చెప్పుకోవలసిన జవాబొకటి ఉంది: పోటీలలో కాల్చాలనుకుంటున్నారా, లేక సరదాగా గుంపులు చిన్నవి చేసుకుంటూ పోవాలనుకుంటున్నారా? అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం 50 మీటర్ల రైఫిల్ పోటీలో స్కోపు నిషిద్ధం. వెనుక పీప్, ముందు ఉంగరం, అంతే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన మూడు భంగిమల పోటీ ఇదే. మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే ఈ పోటీలో పది అంకెల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. అంత చిన్న వలయాన్ని అద్దం సాయం లేకుండా కొట్టగలరా అని కొత్తవారు అడుగుతుంటారు. పీప్‌లో మనం చూసేది ఆ వలయాన్ని కాదు. నల్లని గుండ్రం చుట్టూ తెల్లని సందు అన్ని వైపులా సమంగా ఉందా లేదా అన్నది చూస్తాం. వలయాల సమానతను పట్టడంలో మనిషి కన్ను మనం అనుకున్నదానికంటె చాలా గట్టిది.

పోటీ మీ ఉద్దేశమైతే ఆన్‌షుట్జ్ తీసుకోండి. 54 వరస యాక్షన్ రైఫిళ్లు జర్మనీలోని ఉల్మ్ నగరంలో తయారవుతాయి. బ్యారెల్ బాగుంటే వాటి వయసు చూసి భయపడనక్కరలేదు. చిన్న బోరు సీసపు తూటా బ్యారెల్‌ను తినేది చాలా తక్కువ. రెండు దశల ట్రిగ్గర్ సుమారు 100 నుంచి 150 గ్రాముల ఒత్తిడికి విడిపోతుంది. అయితే ఆ ట్రిగ్గర్‌ను మొదటి రోజు మీరే సవరించవద్దు. తేలికైన ట్రిగ్గర్ అంటే అనుకోకుండా పేలే ట్రిగ్గర్ కూడా.

డబ్బు పంపకం గురించి నా అనుభవం ఇది. రైఫిల్‌కు మీ సొమ్ములో సగానికి మించి పెట్టకండి. మిగతా సగంలో మొదటి వాటా తూటాలది. ఒక బ్యారెల్‌కు ఒక తూటా నచ్చుతుంది, ఇంకొకదానికి నచ్చదు. అదే కంపెనీ, అదే పేరు, లాటు నంబరు మారితే గుంపు మారుతుంది. ఎస్‌కే, ఎలీ, ఆర్‌డబ్ల్యూఎస్, లాపువా, ఏది దొరికితే దానిలో రెండు మూడు లాట్లు తెచ్చి, ఒక్కొక్కదానితో పది తూటాల గుంపులు ఐదేసి కాల్చి, నచ్చిన లాటును లైసెన్సులో రాసిన పరిమితి మేరకు కొని పెట్టుకోవాలి. మీ టెక్సాస్ రూపాయి బిళ్ల ముచ్చట నమ్మవద్దని కూడా ఇందుకే అంటున్నాను: ఐదు తూటాల గుంపు ఒకటి చిన్నగా రావడం అదృష్టం కావచ్చు, యాభై తూటాలు ఆ పరిధిలో పడితే అది రైఫిల్ స్వభావం.

రెండో వాటా కాన్వాసు జాకెట్టు, స్లింగు (రైఫిల్‌ను చేతికి బిగించే పట్టీ), గ్లవ్వుది. మే నెలలో ఆ జాకెట్టు తొడుక్కుంటే ఆవకాయ జాడీలో కూర్చున్నట్టు ఉంటుంది, నిజమే. కాని స్లింగు బిగుసుకున్న చేతి నాడి కొట్టుకోవడం రైఫిల్‌కు తెలియకుండా చేసేది ఆ మందపాటి బట్టే. మూడో వాటా రైలు చార్జీలకు.


పాలకొల్లు టు ప్లానో:

మాది పాలకొల్లు దగ్గర. పదిహేనేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను, ఇక్కడి క్లబ్బులో 300 గజాల నుంచి వెయ్యి గజాల దాకా కాలుస్తుంటాను. గౌతమి పాయ గారు చెప్పినదానిలో చాలావాటితో ఏకీభవిస్తూనే ఒకటి రెండు చోట్ల విభేదించదలచుకున్నాను.

ముందుగా మీ 300 గజాల సంగతి. కోణంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) 100 గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం, 300 గజాల దగ్గర మూడంగుళాలు. మీ గుంపు అరచేయంత, అంటే వేళ్లతో కలిపి సుమారు ఆరేడు అంగుళాలు అయిందంటే కోణంలో చూసినా అది రెట్టింపు పెరిగింది. దానికి ప్రధాన కారణం గాలే. 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ తూటాను గంటకు పది మైళ్ల పక్కగాలి 300 గజాల దగ్గర దాదాపు ఐదంగుళాలు తోస్తుంది, 168 గ్రెయిన్ల.308 తూటాను ఏడంగుళాల దాకా తోస్తుంది. 100 గజాల దగ్గర అదే గాలి అర అంగుళం చుట్టుపక్కలే తోస్తుంది గనుక మీరు గమనించరు. 2007లో హార్నడీ కంపెనీ 6.5 క్రీడ్‌మూర్‌ను తెచ్చినప్పుడు దూరపు గురిలో గాలికి తక్కువగా లొంగడమే దాని గొప్ప. ఆ గొప్పకు ఇంకో పక్క ఏమిటంటే, ఉత్తమ గురి నిలిచేది సుమారు రెండున్నర నుంచి మూడు వేల తూటాల వరకు. ఆపైన బ్యారెల్ మార్చాలి. .308కు ఐదు వేలు దాటినా ఫరవాలేదు. మేమిక్కడ తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకుంటాం, బ్యారెల్‌ను పోస్టులో తెప్పించుకుంటాం. మీ బావగారి సలహా ఈ వసతులన్నీ ఉన్నచోట సరైనదే; భీమవరంలో ఉండి ఆ దారి పట్టడం కుదరదు. అక్కడ విదేశీ రైఫిళ్ల దిగుమతి గుర్తింపు పొందిన షూటర్లకు తప్ప మామూలు లైసెన్సుదారులకు లేదు. సైనిక బోర్లు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి.

అందుచేత .22 అన్నంతవరకు ఆయన మాటే నా మాట. మీరు ఆశించిన పాఠం కూడా దానిలోనే దొరుకుతుంది. సెకనుకు 327 మీటర్ల వేగంతో బయలుదేరే పోటీ .22 తూటా ధ్వని కంటె నెమ్మదిగా పోతుంది గనుక గాలి దానిని ఎంతో సులభంగా తోస్తుంది: 50 మీటర్ల దగ్గర సెకనుకు ఒక్క మీటరు పక్కగాలికే సుమారు ఐదు మిల్లీమీటర్లు. అంటే పది అంకెల వలయంలో సగం. వరి చేల మీద ఎప్పుడూ వీచే ఆ పిల్లగాలి చాలు పదిని తొమ్మిది చేయడానికి. నేను 600 గజాల దగ్గర గాలి చదవడం నేర్చుకున్నది నిజానికి .22తో 100 గజాల దగ్గరే.

నా భేదాభిప్రాయం సీజెడ్ విషయంలో. కొత్తవానికి స్కోపు ఒక గురువు. పీప్‌లో ఏం తప్పు జరిగిందో తెలియదు. స్కోపులో ట్రిగ్గర్ నొక్కే క్షణంలో శిలువ గీతలు ఎటు ఉలిక్కిపడ్డాయో కంటికి కనిపిస్తుంది. చెక్ దేశపు సీజెడ్ 452 నిరాడంబరమైనదే గాని, మంచి తూటాతో 50 మీటర్ల దగ్గర అంగుళంలో సగం గుంపు పెట్టే 452లు నేను చాలా చూశాను. ఏడాదిపాటు దానితో నేర్చుకుని, పోటీ కోరిక ఇంకా అలాగే ఉంటే అప్పుడు ఆన్‌షుట్జ్‌కు మారవచ్చు.

స్కోపు విషయంలో ఒక్క జాగ్రత్త: పెద్ద రైఫిళ్ల కోసం చేసిన స్కోపులలో చాలావాటికి పారలాక్స్ 100 గజాలకు స్థిరపరచి ఉంటుంది. 50 మీటర్ల దగ్గర కన్ను కొంచెం పక్కకు జరిగితే గీత కూడా లక్ష్యం మీద జరుగుతుంది, మీరేమో బ్యారెల్‌ను తిట్టుకుంటారు. 25 గజాల దాకా సవరించుకోగలిగినది కావాలి. పెంచి చూపే శక్తి పన్నెండు రెట్లు దాటనక్కరలేదు. మన వైపు పది గంటలు దాటాక నేల నుంచి లేచే ఎండమావి సెగను పాతిక రెట్లు పెంచి చూడడం తప్ప ఆ పైశక్తితో ఒరిగేదేమీ లేదు.


అంబాజీపేట వంతెన:

ఇద్దరూ బాగా చెప్పారు. నేను కోనసీమలో ఉంటాను, మా నాన్నగారి నుంచి సంక్రమించిన పాత ఆన్‌షుట్జ్‌తో పన్నెండేళ్లుగా కాలుస్తున్నాను. సైట్ల తగాదాలో నేను దిగను. తుప్పు గురించి, పాత రైఫిల్‌ను పరీక్షించడం గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మన ప్రాంతంలో రైఫిళ్లు అరిగి చావవు, తుప్పు పట్టి చస్తాయి.

ఉండి వారూ, మీకు మామూలు డెల్టా తేమ ఒక్కటే కాదు. మీ చెరువులలో ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ ఉప్పునీటి తుంపర గాలిలో ఉంటుంది. చెరువు దగ్గరి షెడ్డులో పెట్టిన సైకిల్ గొలుసు ఎన్నాళ్లకు ఎర్రబడుతుందో చూశారా? రైఫిల్ బోల్టు అంతకంటె ముందే ఎర్రబడుతుంది. కాబట్టి దానిని చెరువు దగ్గరి ఇంట్లో కాక ఊళ్లోని ఇంట్లో, బయటి గోడకు ఆనని గదిలో ఉంచండి. ఇనుప బీరువాలో, తాళం కింద, తూటాలు వేరే తాళం కింద. రైఫిల్‌తో పాటు ఇచ్చే నురుగు పరుపు పెట్టెలో ఎన్నడూ నిలవ చేయవద్దు. ఆ నురుగు తడిని పీల్చి పట్టుకుని ఇనుముకు అంటిస్తుంది. పెట్టె ప్రయాణానికి మాత్రమే. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో రెండు వారాలకోసారి వాటిని వేడిచేసి ఆరబెట్టుకోవాలి. మా అమ్మమ్మ పద్ధతిలో వేయించిన బియ్యం మూట కూడా కట్టి చూశాను. ఉప్పు జాడీకి అది సరిపోయింది గాని రైఫిల్‌కు చాలలేదు, పైగా పురుగు పట్టింది.

రేంజి నుంచి వచ్చిన రాత్రే, రైలు ప్రయాణం ఎంత బడలికగా ఉన్నా, చేతి చెమట తగిలిన ప్రతిచోటా నూనె గుడ్డతో తుడవండి. చెమటలో ఉప్పుంటుంది, నా బోల్టు పిడి మీద నా బొటనవేలి ముద్ర ఈ రోజుకీ తుప్పు మచ్చగా ఉంది. బ్యారెల్ లోపల పల్చగా నూనె పూస్తే మళ్లీ కాల్చే ముందు పొడి గుడ్డతో తీసేయాలి. మొదటి ఐదారు తూటాలు ఎటో పడతాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి. .22 బ్యారెల్‌ను మరీ తోమవద్దు కూడా. తూటా మీది మైనం లోపల సన్నని పొర కట్టాకే గుంపు కుదురుకుంటుంది. తోమినప్పుడు మాత్రం ఎప్పుడూ బోల్టు వైపు నుంచే, గొట్టంలాంటి మార్గదర్శి పెట్టి తోయాలి. మూతి వైపు నుంచి కడ్డీ గుచ్చి పాడుచేసిన బ్యారెళ్లు చాలా ఉన్నాయి.

చెక్క స్టాకు ఉన్న ఆన్‌షుట్జ్ చూడబోయేటప్పుడు పర్సులో పది రూపాయల నోటొకటి ఉంచుకోండి. బ్యారెల్‌కూ ముందరి చెక్కకూ మధ్య ఆ నోటును దూర్చి యాక్షన్ దాకా జరపండి. మధ్యలో ఎక్కడైనా తట్టుకుంటే తేమకు చెక్క ఉబ్బి బ్యారెల్‌ను తాకుతోందన్నమాట. శ్రావణంలో ఒక చోట, మాఘంలో ఇంకో చోట గురి పడడానికి అది చాలు. సరిచేయించదగిన లోపమే, కాని ధర తగ్గించమని అడగదగిన లోపం కూడా. తరువాత మూతి అంచును భూతద్దంతో చూడండి, గాటు ఉండకూడదు. ఛాంబరు (తూటా కూర్చునే గది) ముందు భాగంలో, కింది వైపున, గరుకుగా తినేసిన ఉంగరం కనిపిస్తే ఆ బ్యారెల్ వేల కొద్దీ తూటాలు చూసిందని అర్థం. బోల్టు మీద, రిసీవర్ మీద నంబర్లు ఒకటేనా, అవి అమ్మేవారి లైసెన్సులో ఉన్నవేనా అని సరిచూడండి. యాక్షన్ మరలు ఇష్టం వచ్చినట్టు బిగించి ఉంటే రెండూ వదులు చేసి టార్క్ రెంచితో సమంగా బిగించి మళ్లీ కాల్చి చూడమని అడగండి. నాది ఐదు న్యూటన్ మీటర్లకు బిగిస్తాను.

ఇంకొక మాట చెప్పాలి. ఎన్నికల సమయంలో లైసెన్సు ఆయుధాలను అప్పగించమంటారు. నేను ఒకసారి అలా అప్పగించిన రైఫిల్ రెండు నెలల తరువాత చేతికి వచ్చేసరికి గోనెపట్టా గుర్తులు బ్యారెల్ మీద అచ్చు గుద్దినట్టు తుప్పుగా తేలి ఉన్నాయి. ఎవరిని అనాలి? తప్పు నాదీ ఉంది, పొడిగా ఇచ్చాను. అప్పటి నుంచి ఇవ్వవలసి వస్తే లోపలా బయటా గ్రీజు పట్టించి, మైనపు కాగితం చుట్టి, నంబరు రాసిన రసీదు తీసుకుని ఇస్తున్నాను. క్రీడాకారులకు మినహాయింపు అడిగే వీలుంది. దానికి రాష్ట్ర సంఘం, జాతీయ రైఫిల్ సంఘం సభ్యత్వ పత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి.


ఉండి కాలువగట్టు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెరువు గట్టు ఆలోచన ఆ రోజే మానుకున్నాను. నీటి మీద గెంతే పెంకు ఉదాహరణ చదివాక మళ్లీ మనసులోకి రానే లేదు.

పోయిన శనివారం హైదరాబాదు వెళ్లి రెండు రైఫిళ్లూ చూశాను. ఆన్‌షుట్జ్‌లో పది రూపాయల నోటు యాక్షన్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. యజమానికి అది చూపించగానే ఆయన ముఖం కొంచెం మారింది గాని ధరలో కొంత తగ్గించారు. ఛాంబరు శుభ్రంగా ఉంది, నంబర్లు సరిపోయాయి. క్లబ్బువారి ఎస్‌కే తూటాలతో దానిని పడుకుని నలభై కాల్చాను. సీజెడ్‌తో స్కోపులో నలభై. గుంపు సీజెడ్‌కే కొంచెం చిన్నగా వచ్చింది. కాని ఆన్‌షుట్జ్ స్టాకు చెంపకు, భుజానికి అనువుగా సర్దుకోవచ్చు గనుక నలభై అయ్యాక కూడా మెడ నొప్పి పుట్టలేదు; సీజెడ్‌తో ఇరవైకే తల ఎత్తి సర్దుకోవలసి వచ్చింది. ప్లానో వారికి ఇది నచ్చకపోవచ్చు, నా మనసు ఆన్‌షుట్జ్ వైపే మొగ్గుతోంది.

ఒక్క చిక్కుంది. నెలకు రెండు రోజుల సాధన ఏ మూలకు? మిగతా ఇరవై ఎనిమిది రోజులు ఇక్కడ ఏం చేయాలి? రొయ్యల మేత నిలవ చేసే గోడౌను ఒకటి సగం ఖాళీగా ఉంది, పొడవు పదిహేను మీటర్లు. దానిలో ఎయిర్ రైఫిల్ కాల్చుకోవచ్చా?


పాలకొల్లు టు ప్లానో:

నచ్చకపోవడానికేముందండి, మెడ మీది. ఒంటికి కుదిరిన రైఫిలే మంచి రైఫిల్. ఆ సంగతి నేనే ముందు చెప్పి ఉండవలసింది.


గౌతమి పాయ:

గోడౌను బంగారం. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. పోటీ ఎయిర్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల చుట్టుపక్కలే. గుర్తింపు పత్రం చూపించి, బిల్లు తీసుకుని, ఆ బిల్లును రైఫిల్‌తో పాటే ఉంచుకోండి. మీకు కావలసింది కచ్చితంగా 10 మీటర్లు. అక్కడి పది అంకె అర మిల్లీమీటరు చుక్క. దానిని వెతుక్కుంటూ నిలబడడం నేర్చుకున్నవారికి 50 మీటర్ల వలయం చెరువంత కనిపిస్తుంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల పోటీలోనే.

లక్ష్యం వెనుక ఇనుప పలక పెట్టి, దానిని కిందికి వంచి, సీసపు గుళ్లు పెట్టెలో పడేటట్టు చేయండి. తలుపు లక్ష్యం వైపు ఉండకూడదు. కాల్చేటప్పుడు మేత బస్తాలు దించడానికి ఎవరూ లోపలికి రాకుండా లోపలి గడియ వేసుకోండి. సీసం చేతికి అంటుతుంది గనుక కడుక్కోకుండా టీ తాగవద్దు, పోగైన గుళ్లను చెరువు గట్టున పారబోయవద్దు. రొయ్యలు మీవే, తినేది ఎవరో.

ఆన్‌షుట్జ్ చేతికి వచ్చాక దానితోనూ ఇంట్లో సాధన ఉంటుంది: తూటా లేకుండా గురి చూసి ట్రిగ్గర్ నొక్కడం. ఛాంబరులో పేలిపోయిన ఖాళీ తొడుగొకటి పెట్టి మాత్రమే నొక్కండి, పది సార్లకొకసారి మార్చండి, లేకపోతే ఫైరింగ్ పిన్ను ఛాంబరు అంచును కొట్టి గుంట పెడుతుంది. తూటాల పెట్టె ఆ గదిలోనే ఉండకూడదు.

కొనుగోలు విషయంలో చివరి సంగతి. లైసెన్సు మీ చేతికి వచ్చేదాకా బయానా కూడా ఇవ్వకండి. ఒక వ్యక్తి తన ఆయుధాన్ని మరొకరికి అమ్మాలంటే 45 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు గాని పోలీసుస్టేషనుకు గాని రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ 45 రోజులలో ఆ చెక్క స్టాకును బ్యారెల్ తగిలిన చోట సన్నగా గీకించి, గీకిన చోట పచ్చి చెక్క తేమ తాగకుండా నూనె పట్టించి ఉంచమని ఆయననే అడగండి. ధర తగ్గించిన మనిషి ఆ మాత్రం చేస్తారు.